బానెట్ మీద సిలువ

రాజోలు,
జూన్, తొలకరి పడ్డ మర్నాడు.

ఒరేయ్ దాసూ,

అక్క దీవెనలు. ముందీ ముక్క చదువు: నేను బతికే ఉన్నాను, నీ మేనకోడలు షైనీ బతికే ఉంది, కారు కూడా ఒడ్డునే ఉంది. మిగతాది నింపాదిగా చదువుకో. మధ్యలో ఫోన్ మాత్రం తియ్యకు. ఫోన్‌లో నువ్వు అరుస్తావు, నేను ఏడుస్తాను, అసలు సంగతి తేలదు. అందుకే కదా ఈ రోజుల్లో కూడా మనిద్దరం కాగితాలు ఖరాబు చేసుకుంటున్నది.

మొన్న నర్సాపురంలో మా తోటికోడలి ఇంట్లో ప్రార్థన ఉంటే నేనూ షైనీ కారులో బయలుదేరాం. సఖినేటిపల్లి రేవులో కారుని గోదావరి దాటించే పంటు ఎక్కించాలి. ఆ ఏటవాలు నీకు తెలుసుగా. ముందు ఓ ట్రాక్టరు దిగింది, దాని వెనక నేను దిగుతూ బ్రేకు తొక్కాను. కాలు వెళ్లి నేలకి ఆనిందిరా! కింద అడ్డమేమీ లేదు. మళ్లీ తొక్కాను, మళ్లీ తొక్కాను. కారు మాత్రం పేరంటానికి వెళ్తున్నట్టు తాపీగా గోదావరిలోకి జారుతోంది. షైనీ పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని కళ్లు మూసుకుంది. నేను హ్యాండ్ బ్రేకు లాగి వేలాడాను. పంటువాళ్లు పరిగెత్తుకొచ్చి చక్రాల కింద కొబ్బరి దుంగ తోశారు. ముందు చక్రాలు నీళ్లలో తడిశాక ఆగింది.

నేను కారు దిగకముందే ఒకాయన వచ్చి సలహా చెప్పాడు. "పంతులమ్మగారండీ, ఇలాంటి పాత బళ్లకి రెండు మూడు సార్లు కొట్టి తొక్కాలండీ. మా జీపూ అంతేనండీ, ఆయ్!" అన్నాడు. నిజం చెప్పాలంటే నెలరోజులుగా నేనూ అలా కొట్టి కొట్టే ఆపుతున్నాను. తిడతావని నీకు రాయలేదు.

షైనీకిప్పుడు అయిదో నెల. ఇంతకుముందు రెండు పోయాయని నీకు వేరే చెప్పాలా. అల్లుడు జీవన్ దోహాలో ఉన్నాడు, సెలవు దొరికేలా లేదు. పురుడు అమలాపురంలో. నొప్పులొచ్చాక పిల్లని ఆటోలో వేసి ఆ గోతుల్లో కుదుపుతూ తీసుకెళ్లడం నా వల్ల కాదు. మీ బావగారు ప్రాణంగా చూసుకున్న ఫియట్ ఉండగా ఆ ఖర్మ ఏమిటి? కాబట్టి బ్రేకు సంగతి నువ్వు చూడాలి.

ఇంకొకటి. మీ మస్కట్ చర్చిలో ప్రార్థన చేసిన ఒలీవ నూనె ఇస్తున్నారట కదా. షైనీ కోసం ఒక్క సీసా పంపించరా. కిందటిసారి అడిగితే నవ్వావు. ఈసారి నవ్వకు.

మీ అక్క,
లీలావతి


మస్కట్,
జూలై.

అక్కా,

నీ ఉత్తరం చదివి గ్యారేజీలో టైర్ల మీద కూలబడ్డాను. ఇక్కడ పాత కార్లంటే పడిచచ్చే పెద్దవాళ్లందరూ బ్రేకులు నా చేతే చేయించుకుంటారు. నా సొంత అక్కేమో కడుపుతో ఉన్న పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని, బ్రేకు "కొట్టి" నడిపిందట, అదీ నెలరోజులు! నీకేమైనా మతిపోయిందా? బళ్లో పిల్లలకి ఇన్నేళ్లు ఏం చెప్పావే నువ్వు?

రెండోసారి తొక్కితే పట్టుకుంటోందంటే బాగున్నట్టు కాదక్కా, పోబోతున్నట్టు. చక్రాన్ని ఆపేది నీ కాలు కాదు. నీ కాలు మాస్టర్ సిలిండర్‌లో ఆయిల్‌ని నెడుతుంది, ఆయిల్ గొట్టాల్లోంచి వెళ్లి చక్రాల దగ్గర బ్రేకుల్ని నెడుతుంది. ఆ ఆయిల్ పక్కకి జారకుండా పట్టేది బొటనవేలంత రబ్బరు వాషరు. అది అరిగితే నువ్వు ఎంత తొక్కినా గాలిలో తొక్కినట్టే. పైగా బ్రేక్ ఆయిల్ గాలిలో తేమని తాగుతుంది. మన కోనసీమలో తేమకి కరువా? తేమ చేరితే లోపల తుప్పు పడుతుంది, వేడెక్కితే ఆవిరవుతుంది. ఆవిరిని ఎంత నొక్కినా అణుగుతుందే గానీ చక్రం ఆగదు.

మన మెకానిక్ సీమోనుతో ఇలా చెప్పు. నాలుగు చక్రాలూ విప్పి లోపల తడి ఉందేమో చూడమను. రబ్బర్లు ఒక్కచోట కాదు, అన్నిచోట్లా మార్చాలి. ఇనప గొట్టాలు ఉప్పుగాలికి తిని ఉంటాయి, గీకి చూడమను. పాత ఆయిల్ మొత్తం తీసేసి కొత్తది పొయ్యాలి. రబ్బర్ల సెట్టు నేను పంపుతాను. నా గదిలో ఉండే శ్యామ్ బాబు, ముక్తేశ్వరం కుర్రాడు, వచ్చే నెల సెలవుకి వస్తున్నాడు. ఆయిల్ మాత్రం సీలున్న డబ్బా కొనండి. ఎవరో సీసాలో పోసి ఇచ్చింది చచ్చినా వాడొద్దు. దాని మీద ఏం రాసుందో చదవకుండా ఏదీ ఎందులోనూ పొయ్యొద్దు.

అప్పటిదాకా కారు షెడ్డులోంచి కదిలిందా, నేను నీ తమ్ముణ్ణి కాను.

ఒలీవ నూనె అంటావా, నా చేత అలాంటివి చేయించకు. దేవుణ్ణి నువ్వు చూసుకో, బ్రేకులు నేను చూసుకుంటాను.

దాసు


రాజోలు,
ఆగస్టు.

నా బంగారు తమ్ముడూ,

నువ్వు నాకు షాకిచ్చావురా! శ్యామ్ బాబు తెచ్చిన పెట్టె విప్పితే ఖర్జూరం, బాదం పప్పు, సబ్బులు, రబ్బర్ల పొట్లం, వాటి మధ్య నీ బనీనులో చుట్టిన సీసా! పచ్చగాజు సీసా, మీద ఒలీవ కొమ్మ బొమ్మ. గుండెలకి హత్తుకుని ఎంతసేపు ఏడ్చానో. నోటితో కాదన్నావు, చేత్తో ఇచ్చావు. చిన్నప్పట్నుంచీ నీ బుద్ధే అంత. శ్యామ్ బాబుని అడిగితే, "అన్నయ్యగారు జాగ్రత్తగా పట్టుకెళ్లమన్నారండీ, ఒక్క చుక్క ఒలక్కూడదన్నారండీ," అన్నాడు. అదిగో, అంత భక్తి నీకు లోపలెక్కడో ఉందని నాకు ఎప్పుడూ తెలుసు.

ముందు బ్రేకు సంగతి. సీమోను అన్నీ విప్పాడు. పాత రబ్బరు నా చేతిలో పెడితే మసి అంటింది. వెనక గొట్టం ఒకటి తుప్పుపట్టి పిప్పయింది, మార్పించాను. ఆయిల్ సీలున్న డబ్బా నేనే వెళ్లి కొన్నాను, నువ్వు తిడతావని. ఆ తర్వాత గొట్టాల్లోంచి గాలి తియ్యడం. సీమోను కారు కింద పడుకుని "తొక్కండమ్మా, పట్టుకోండమ్మా, వదలండమ్మా" అంటాడు, నేను తొక్కడం, పట్టడం, వదలడం. ఇన్నేళ్లూ పిల్లల చేత డ్రిల్లు చేయించిన పాపం ఆ పూటకి పండింది. ఇప్పుడు పెడల్ పైనే పట్టుకుంటోంది, రాయిలా ఉంది.

ఇక అసలు సంగతి. కూర్చుని చదువు. కారు మళ్లీ రేవులోకి జారకూడదని నీ నూనెలో వేలు ముంచి బానెట్ మీద సిలువ గీశాను. మర్నాడు పొద్దున చూస్తే అక్కడ రంగు పొక్కింది. గుడ్డతో తుడిస్తే పొట్టులా ఊడొచ్చింది. కింద ఇనుము తెల్లగా మెరుస్తోంది, అచ్చం సిలువ!  ఫొటో తీసి పంపితే కింద నవ్వుతున్న బొమ్మ పెడతావని పంపలేదు గానీ, నీ కళ్లతో చూస్తే నువ్వూ మోకరిస్తావు. మలికిపురం నుంచి కూడా జనం వచ్చి చూసి వెళ్తున్నారు. మన వీధి చివర ఆదిలక్ష్మి మోకాళ్ల నొప్పికని అడిగితే దూదితో కొంచెం అద్ది ఇచ్చాను. ఇంకెవరికీ ఇవ్వలేదు. అది షైనీది.

షైనీకి రోజూ పరగడుపున ఒక చెంచా ఇస్తున్నాను. మన కొబ్బరినూనెలా జిడ్డుగా లేదు, పల్చగా, ఏదో మందు వాసన. పరిశుద్ధమైనది అలాగే ఉంటుంది కాబోలు. మొదటిరోజు పిల్ల వాంతి చేసుకుంది, పైత్యం అనుకున్నాను. ఆ తర్వాత నుంచి బుద్ధిగా చెంచా పుచ్చుకుని పెరట్లో పంపు దగ్గరికి వెళ్లి తాగొస్తోంది. నా ఎదుట మొహం వికారంగా పెట్టాల్సి వస్తుందని మొహమాటమట. డాక్టరమ్మ మొన్న చూసి బిడ్డ బాగుందన్నారు. నూనె మహిమ కాక మరేమిటి?

పంపు పక్కన మందార మాత్రం ఎందుకో నిలువునా ఎండిపోయింది, ఇన్ని వానల్లో! ఏదో చీడ పట్టినట్టుంది.

ఈ ఉత్తరం శ్యామ్ బాబు తిరిగి వచ్చేటప్పుడు ఇచ్చి పంపుతున్నాను. కూడా కాజాలున్నాయి, ఒక్కడివే తినెయ్యకు.

అక్క


మస్కట్.
శ్యామ్ బాబు దిగిన రోజు.

అక్కా, ఆపు. షైనీకి ఆ చెంచా ఆపెయ్యి. అది ఒలీవ నూనె కాదు. బ్రేక్ ఆయిల్.

నీ ఫోన్ కట్టేసి ఉంది. షైనీ ఎత్తడం లేదు. సీమోను ఎత్తాడు గానీ అవతల ఏదో మిషను మోత, నేనెంత అరిచినా వినపడలేదు. అందుకే ఈ కాగితం ఫొటో తీసి వాడికి పంపుతున్నాను. సీమోనూ, చేతిలో ఏ పనున్నా పారేసి మా అక్క దగ్గరికి పరిగెత్తు. ఇది చదివి వినిపించు.

అది విషం. లోపలికి వెళ్తే కిడ్నీలకి ప్రమాదం, బిడ్డకి ప్రమాదం. మీరై మీరు వాంతి చేయించకండి. వెంటనే అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్లండి. సీసా కూడా పట్టుకెళ్లి, ఇది బ్రేక్ ఆయిల్ అని డాక్టరుకి చెప్పండి. ఒలీవ నూనె అని మాత్రం నోరు జారకండి.

రంగు పొక్కి ఊడిందని చదవగానే కాజాల పొట్లం కింద పారేసి ఫోన్ అందుకున్నాను. కారు రంగుని ఏది అలా లేపుతుందో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అక్కడి బజారు సరుకు మీద నమ్మకం లేక ఇక్కడ కొత్త డబ్బా తెరిచి నేనే పోశాను. డబ్బాగా అయితే విమానం వాళ్లు తీసేస్తారని శ్యామ్ బాబు భయపడ్డాడు. వంటగదిలో ఖాళీ ఒలీవ సీసా కనపడితే అందులో నింపాను. పైన ఒక్క ముక్క రాయలేదు. సీమోను మూత తీస్తే వాసనకే తెలుస్తుందనుకున్నాను. సీసాలో పోసింది వాడొద్దని నీకు నీతులు చెప్పిన నోరు నాదే.

అక్కా, నువ్వు అడిగిన నూనె సంగతి నాకు గుర్తే లేదు. బ్రేకు తప్ప ఏమీ గుర్తులేదు.

వెళ్లండి. ముందు వెళ్లండి.


రాజోలు,
సెప్టెంబరు.

దాసూ,

ఫోన్‌లో నీకు "ఇద్దరూ క్షేమం" అని ఒక్క ముక్క చెప్పి పెట్టేశాను. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

ఆ రోజు ఫోన్ కట్టేసి ఉపవాస ప్రార్థన కూటంలో ఉన్నాను. నన్ను లేచి సాక్ష్యం చెప్పమన్నారు, చెబుతున్నాను: రేవు సంగతి, నూనె, బానెట్ మీద సిలువ. సీమోను చెప్పులతోనే లోపలికొచ్చేశాడు. "అమ్మగారండీ, అది బ్రేక్ ఆయిలండీ!" అన్నాడు రొప్పుతూ. నాకు ముందు అర్థం కాలేదు. వాడు ఫోన్‌లో నీ రాత చూపించాడు. చదువుతుంటే నీ అక్షరాలు కనిపిస్తున్నాయి గానీ బుర్రకెక్కడం లేదు. ఎక్కాక ఒక్కటే గుర్తొచ్చింది. నా చేత్తో, దాసూ. నా చేత్తో చెంచాలో కొలిచి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసి మరీ ఇచ్చాను.

ఇంటికి పరిగెత్తి షైనీని కారు వెనక సీట్లో పడుకోబెట్టాను. సీమోనుని పక్కన కూర్చోబెట్టి నేనే నడిపాను, ఎందుకంటే వాడు తాళంచెవి రెండుసార్లు కింద పడేశాడు. షైనీ "అమ్మా, నేను చెప్పేది..." అంటూనే ఉంది. "నోరు మూసుకుని పడుకో, వాంతవుతుంది!" అని కసిరాను. అది మళ్లీ మొదలెట్టింది, నేను మళ్లీ కసిరాను. బోడసకుర్రు వంతెన దిగగానే ముందు వెళ్తున్న కొబ్బరికాయల లారీ ఉన్నపళాన ఆగిపోయింది. తొక్కాను. ఒక్కసారే తొక్కాను. కారు అక్కడికక్కడే నిలబడింది. లారీ వెనక తలుపుకీ బానెట్ మీద సిలువకీ మధ్య మనిషి పట్టే సందు మిగిలింది. సీమోను "రబ్బర్లండీ" అని మాత్రం అన్నాడు. నేను దండం పెట్టింది ఎవరికో నాకే తెలియదు.

ఆసుపత్రిలో డాక్టరు దుర్గాభవాని గారు సీసా చూసి, "ఎన్నాళ్లుగా ఇస్తున్నారమ్మా, ఎంత ఇచ్చేరు?" అని అడిగారు. నేను ఏడుస్తూ లెక్క చెబుతున్నాను. అప్పుడు షైనీ మంచం మీద లేచి కూర్చుంది.

"లేదండీ, నేను తాగలేదండీ. మొదటిరోజు ఒక్క చెంచా తాగేనండీ, అదీ వెంటనే కక్కేసేనండీ. తర్వాత నుంచి మందార మొక్కకి పోసేసేనండీ. అమ్మ బాధపడతాదని చెప్పలేదండీ. కార్లో చెబ్దావంటే నోరు మూసుకోమంది."

నేను కొట్టడానికి చెయ్యెత్తాను. రోజూ నా మొహం చూసి, "తాగేనమ్మా" అని చెప్పి, నా చేత స్తోత్రం చెప్పించుకుంది! అంత కోపం నాకు జన్మలో రాలేదు. ఎత్తిన చెయ్యి దాని తల మీదే ఆగిపోయింది. దాన్ని పట్టుకుని నేను ఏడ్చిన ఏడుపుకి వార్డులో జనం ఎవరో పోయారనుకున్నారు. రక్తం, మూత్రం అన్నీ పరీక్షించి, రెండు రోజులు ఉంచుకుని పంపారు. తల్లికీ బిడ్డకీ ఏ లోపమూ లేదన్నారు.

పిల్ల నా మాట వినాలని ఎన్నేళ్లుగా ప్రార్థన చేశానో నీకు తెలుసు. ఆ ఒక్క ప్రార్థనా ఆయన ఆలకించలేదు. ఆలకించి ఉంటే ఇవాళ నేను ఈ ఉత్తరం రాయను.

ఆదివారం చర్చిలో లేచి, అది మహిమ కాదు, బ్రేక్ ఆయిల్ అని అందరికీ చెప్పాను. తల ఎత్తలేకపోయాను. ఆదిలక్ష్మి మోకాలు చూపించి, "కాస్త దురదెట్టిందండీ, ఆయ్. కానీ నొప్పి తగ్గిందండీ. ఇంకో చుక్క ఉందాండీ?" అంది. ఆవిణ్ణి పంపుకి తీసుకెళ్లి, సబ్బు పెట్టి నేనే కడిగాను.

నీ మీద కోపం లేదని రాయను. ఉంది. నా మీద అంతకన్నా ఎక్కువ ఉంది.

లీలావతి


మస్కట్,
సెప్టెంబరు చివర.

అక్కా,

  గ్యారేజీలో ప్రతి సీసా మీదా పేరు రాశాను. టీ ఫ్లాస్కు మీద కూడా "టీ" అని రాస్తే అందరూ నవ్వారు. నవ్వనీ.

షైనీని ఒక మాట అడుగు, మావయ్య మీద కోపం ఉందా అని. దాని తెలివికి నేను జీవితాంతం రుణపడి ఉంటాను.

శుక్రవారం మీ వాళ్ల చర్చికి వెళ్లాను. నవ్వకు. వరసలో నిలబడి నువ్వడిగిన నూనె తీసుకున్నాను. సీలు విప్పలేదు. పేరు వాళ్లే అచ్చు వేశారు, దాని కింద నేను కూడా రాశాను. కాకినాడ వెళ్తున్న ఒకామెతో పంపుతున్నాను. నిజమైన నూనె అక్కా, ఒట్టు.

బానెట్‌కి వెంటనే రంగు వేయించు. ఆ గాలికి ఇనుము ఊరికే తుప్పు పడుతుంది. కాన్పు అయ్యాక బ్రేకు ఒకసారి చూపించి, ఎలా ఉందో రాయి.

దాసు


రాజోలు,
నవంబరు.

దాసూ,

ఆడపిల్ల. మేనకోడలి కూతురికి అన్నీ నీ పోలికలే, ముక్కూ మొండితనమూ. నొప్పులు తెల్లారుజామున మొదలయ్యాయి. నేనే నడిపాను. దారిలో ఎన్నిసార్లు బ్రేకు తొక్కానో గానీ, ప్రతిసారీ ఒక్కసారే తొక్కాను. షైనీకి నీ మీద కోపం లేదట. మందార మొక్క ఒకటి కొనిపెట్టాలట.

బానెట్‌కి రంగు వేయించాను. జనం వద్దన్నారు. పాస్టరు గారే, "తుప్పట్టిన సిలువ కన్నా రంగేసిన బానెట్ నయమమ్మా" అన్నారు.

నీ సీసా చేరింది. బల్ల మీద పెట్టి ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చున్నాం, ఎవరూ ముట్టుకోలేదు. నీ చేతిరాత చూసి షైనీ, "మావయ్య రాసేడంటే ఇంకా భయంగా ఉందమ్మా" అంది. నేను మూత తీసి వాసన చూశాను. నూనె వాసనే. అయినా ధైర్యం చాల్లేదు. చివరికి సీమోను, "అమ్మగారండీ, ముందు కారుకి రాద్దామండీ" అన్నాడు.

వెనక మడ్‌గార్డ్ మీద, చక్రం పైన, ఎవరికీ కనపడని చోట ఓ చుక్క రాశాం. మర్నాడు చూశాం. ఆ మర్నాడు కూడా చూశాం. రంగు చెక్కుచెదరలేదు.

అప్పుడు ఒక చుక్క పాప మాడున పెట్టాను.

అక్క